హార్బర్ పికప్‌కి స్టీరింగ్ లూజు: రిపేరు డైరీ

ఆదివారం, మధ్యాహ్నం

అన్నయ్య పికప్ విశాఖ ఫిషింగ్ హార్బర్ లోడు బండి. తెల్లవారుజామున ఐసు చేపల ట్రేలు ఎక్కించుకుని కాన్వెంట్ జంక్షన్, సింధియా, మల్కాపురం, గాజువాక మీదుగా హైవే ఎక్కుతాడు. అక్కణ్ణుంచి అనకాపల్లి, ఒక్కోసారి చోడవరం. పాత మోడల్ బండి. ముందు కూడా కమాన్ కట్టలే, మధ్యలో అడ్డంగా గట్టి యాక్సిల్, చక్రాలు పక్కలకి తిరిగేది కింగ్ పిన్‌లనే నిలువు ఇరుసుల మీద. పవర్ స్టీరింగ్ ఉంది, స్టీరింగ్ తిప్పుడుని చక్రాల లింకులకి అందించే బాక్సు లోపల బాల్స్ తిరిగే రకం.

కొన్నాళ్లుగా అన్నయ్య ఒకటే మాట చెబుతున్నాడు. "కూర్మన్నపాలెం దాటాక బండి గీతలో నిలబడట్లేదురా. తిన్నగా పట్టుకున్నా ఎడమకోసారి, కుడికోసారి లాగుతున్నాది. పక్కనుంచి పెద్ద లారీ దాటితే గుండె జారిపోతన్నాది." సిటీలో నెమ్మదిగా తిరిగేటప్పుడు పెద్దగా తెలియడం లేదు. లంకెలపాలెం వైపు స్పీడు అందుకోగానే చేతులు ఖాళీగా ఉండనివ్వడం లేదు. ఇంటికొచ్చేసరికి భుజాలు నొప్పులు.

ఎవరిని అడిగినా ఒకటే సలహా. స్టీరింగ్ బాక్సు మీద ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని కాస్త బిగిస్తే సరిపోతుందట. ఆ స్క్రూని ముట్టుకోవడం చివరి పని అని నేను మొదటే అనుకున్నాను. లూజు ఎక్కడ ఉందో తెలియకుండా అక్కడ బిగిస్తే బాక్సు లోపలి పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని అరిగిపోతాయి. పైగా అసలు జబ్బు కప్పబడిపోతుంది. అన్నయ్య ప్రాణం స్టీరింగ్ లింకులను కలిపే బాల్ జాయింట్ల (కప్పులో బాల్ తిరిగే కీళ్లు) మీద ఆధారపడి ఉంది. అందుకని ఊహల మీద నడవకుండా ఒక్కో జాయింటునూ చూసుకుంటూ వెళ్లి, చూసింది ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందు లూజు కొలత, అంటే చక్రం కదలకుండా స్టీరింగ్ ఎంత ఖాళీగా తిరుగుతోందో చూడటం. బండిని చదునైన సిమెంటు నేల మీద పెట్టి, చక్రాలు తిన్నగా చేసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచాను. పవర్ స్టీరింగ్ బండికి ఇంజిన్ ఆపి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే బాక్సు లోపల వాల్వును తిప్పే సన్నటి కడ్డీ మెలితిరిగే కదలిక కూడా లూజులో కలిసిపోతుంది. డాష్‌బోర్డు మీద బైండింగ్ వైరు ముక్క వంచి టేపుతో అంటించాను, కొన స్టీరింగ్ అంచుకు ఆనీ ఆనకుండా. అంచు మీద తెల్ల ప్లాస్టరు ముక్క. వదిన కిందకు వంగి కుడి ముందు చక్రం చూస్తూ "కదిలింది" అన్నప్పుడు నేను పెన్నుతో గీత పెట్టాను. తర్వాత రెండో వైపు.

రెండు గీతల మధ్య 75 మిల్లీమీటర్లు. స్టీరింగ్ వ్యాసం 400 మి.మీ., అంటే 21 డిగ్రీలు దాటింది.

ఇక్కడ ఒక విషయం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వది స్టీరింగ్ గురించే. స్టీరింగ్ చక్రం దగ్గర లూజు 30 డిగ్రీలు దాటకూడదంటుంది. ఈ సైజు స్టీరింగ్‌కి 30 డిగ్రీలంటే అంచు దగ్గర దాదాపు 105 మి.మీ. మా 75 దాని లోపలే ఉంది. కాబట్టి కాగితం మీద మా బండి మంచిదే. హైవే మీద అది ఎలా ఉందో అన్నయ్య చేతులకి తెలుసు. ఆ 30 డిగ్రీల అంకె చూసి ఎవరూ ధైర్యం తెచ్చుకోకూడదని గట్టిగా చెబుతాను. అదే నియమంలో ఉన్న రెండో మాట మాత్రం బంగారం: స్టీరింగ్ లింకులను కలిపే ప్రతి బాల్ జాయింటుకీ రబ్బరు టోపీ ఉండాలి, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ అయి ఉండాలి. ఆ మాట ఎంత విలువైనదో కిందకు దూరాక తెలిసింది.

ఆదివారం, సాయంత్రం

వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ ఆన్‌లోనే నేను కింద పడుకున్నాను. ముందు చక్రాలు నేల మీదే ఉండాలి. జాకీ ఎక్కిస్తే టైరు తేలిగ్గా తిరిగిపోతుంది, జాయింట్ల మీద బరువు పడదు, లూజు దాక్కుంటుంది. వదిన క్యాబిన్‌లో కూర్చుని స్టీరింగ్‌ని అటూ ఇటూ చిన్నగా ఊపుతూ ఉంది, చక్రం కదిలీ కదలనంత వరకే.

నేను పై నుంచి కిందికి వరసగా వెళ్లాను. ఒక్కో జాయింటు మీద అరచెయ్యి వేసి, రెండు భాగాలనూ కలిపి పట్టుకుంటే చాలు. రెండూ కలిసి కదిలితే ఆ జాయింటు మంచిది. ఒకటి కదిలాక రెండోది ఆలస్యంగా కదిలితే ఆ తేడా వేళ్లకి స్పష్టంగా తెలుస్తుంది. కంటికంటే చెయ్యే బాగా పట్టుకుంటుంది.

కాలమ్ (స్టీరింగ్ నుంచి బాక్సుకి దిగే కడ్డీ) కింద క్రాస్ జాయింటు: పైనా కిందా ఒకే వరసలో చాక్‌పీస్ గీత గీశాను. గీతలు వెంట్రుకవాసి కూడా విడిపోలేదు.

స్టీరింగ్ బాక్సు: లోపలికి వచ్చే షాఫ్టు కదిలాక బయటికి వచ్చే డ్రాప్ ఆర్మ్ (బాక్సుకి వేలాడే చెయ్యి లాంటి కడ్డీ) కాస్త ఆలస్యంగా కదిలింది. కాస్తే. కానీ ఇంకొకటి కనిపించింది. బాక్సు మొత్తం చాసీ మీద కదులుతోంది! బోల్టు తలల చుట్టూ ఎర్రటి పొడి, కుంకుమ రాలినట్టు. రెండు ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి సన్నగా రుద్దుకుంటూ ఉంటే ఆ తుప్పు పొడి వస్తుంది. కదలిక ఒక మిల్లీమీటరు కూడా లేదు, అయినా అది బాక్సు కదలడం.

డ్రాప్ ఆర్మ్ స్ప్లైన్ (ఆర్మ్‌ని బాక్సు షాఫ్టుకి పట్టి ఉంచే గాళ్లు): గట్టిగా ఉంది, నట్టు లాకు సరిగా ఉంది.

డ్రాగ్ లింక్ (డ్రాప్ ఆర్మ్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ): అసలు దొంగ ఇక్కడే. డ్రాప్ ఆర్మ్ వైపు బాల్ జాయింటు చేతిలో టిక్ టిక్‌మంటోంది. రబ్బరు టోపీ చీలి వేలాడుతోంది. లోపల గ్రీజు లేదు, నల్లటి నీళ్లు, ఇసుక. చక్రం వైపు జాయింటు అంత ఘోరంగా లేదు గానీ దాని టోపీ కూడా పగిలింది.

టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ): ఎడమ చివర లూజు, కుడి చివర పరవాలేదు.

ఇంత చిన్న కదలికలు అంత పెద్ద లూజు ఎలా అయ్యాయని వదిన అడిగింది. లెక్క వేసి చూపించాను. మా డ్రాప్ ఆర్మ్ పొడవు సుమారు 150 మి.మీ. బాక్సు నిష్పత్తి 20కి 1 అనుకుందాం, అంటే స్టీరింగ్ ఇరవై డిగ్రీలు తిరిగితే డ్రాప్ ఆర్మ్ ఒక డిగ్రీ తిరుగుతుంది. డ్రాగ్ లింక్ జాయింటులో 1 మి.మీ. లూజు ఉంటే, అది స్టీరింగ్ అంచు దగ్గర దాదాపు 27 మి.మీ. అవుతుంది. బాక్సు తర్వాత వచ్చే ప్రతి లూజునీ బాక్సు పెద్దది చేసి చేతికి ఇస్తుంది. బాక్సుకి ముందున్న లూజు, అంటే కాలమ్ జాయింటుల్లోది, ఎంత ఉంటే అంతే తెలుస్తుంది. అందుకే కాలమ్ కంటే కింద లింకుల మీద ఎక్కువ కన్ను వేయాలి. బాక్సు కదలడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, అది అర మిల్లీమీటరైనా.

"అయితే ఉప్పు నీళ్లే కదా ఇదంతా చేసింది?" అంది వదిన. అవును. హార్బర్ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఐసు కరిగిన నీళ్లు, చేపలు కడిగిన నీళ్లు, సముద్రపు నీళ్లు అన్నీ కలిసి పారుతుంటాయి. ముందు టైర్లు ఆ నీటిని నేరుగా జాయింట్ల మీదకి చిమ్ముతాయి. రబ్బరు టోపీ ఒక్కసారి చీలిందంటే లోపల బాల్ ఎంతో కాలం నిలవదు. ఊళ్లో ఇసుక మోసే బండికీ మా బండికీ ఈ తేడా ఉంది.

సోమవారం, రాత్రి

లోడు దింపి వచ్చాక ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి లేపాం, స్టాండ్లు వేశాం. జాకీ మీద ఒక్కదాని మీద నమ్మకం పెట్టి కింద దూరడం నేను ఎవరినీ చేయనివ్వను.

టైరుని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపాను. ఎడమ చక్రం బాగా ఊగింది. ఇది బేరింగ్ లూజా, కింగ్ పిన్ లూజా అన్నది తేల్చడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. అన్నయ్య బ్రేకు పెడల్ తొక్కి పట్టుకున్నాడు. బ్రేకు పట్టినప్పుడు హబ్బూ (చక్రం బిగించే మధ్య భాగం), స్టబ్ యాక్సిలూ (అది తిరిగే చిన్న ఇరుసు) ఒకటైపోతాయి, బేరింగ్ లూజు కనబడదు. అప్పుడూ ఊగితే అది కింగ్ పిన్. ఎడమది బ్రేకు తొక్కినా ఊగుతూనే ఉంది. కుడిది బ్రేకు తొక్కగానే ఆగిపోయింది. కాబట్టి ఎడమ వైపు కింగ్ పిన్ బుష్‌లు (పిన్ తిరిగే లోహపు గొట్టాలు) అరిగాయి, కుడి వైపు హబ్ బేరింగ్ కొంచెం లూజు.

అన్నయ్య చెప్పిన "గీతలో నిలబడట్లేదు" అన్న బాధకి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. కింగ్ పిన్ లూజు స్టీరింగ్ అంచు దగ్గర నేను కొలిచిన 75 మి.మీ.లో పెద్దగా కనబడదు. స్టీరింగ్ కదలకుండానే చక్రం తనంతట తాను గుంటని బట్టి అటో ఇటో ఒరుగుతుంది. చేతి కింద లూజు ఒక జబ్బు, చక్రం ఒరగడం ఇంకో జబ్బు, మా బండికి రెండూ ఉన్నాయి. ఒకదాన్ని బాగుచేసి రెండోది వదిలేస్తే డబ్బులు పోసి కూడా ఏమీ మారలేదని అనుకునేవాళ్లం.

ఎడమ టైరు మీద అరచెయ్యి లోపలి వైపు నుంచి బయటికీ, మళ్లీ బయట నుంచి లోపలికీ జరిపి చూడండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపపు పళ్లలా గరగరలాడితే టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే లెక్క, తప్పిందని అర్థం. మాది అలాగే ఉంది.

కమాన్ షాకిల్ (కట్ట చివరను చాసీకి కలిపే ముక్క) బుష్‌లు, కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కూడా చూశాను. రాడ్డు పెట్టి లేపితే షాకిల్ పెద్దగా కదల్లేదు, యూ బోల్టులు బిగుతుగా ఉన్నాయి. అవి లూజైతే యాక్సిలే పక్కకి జరిగి, అచ్చం స్టీరింగ్ లూజులాగే ఉంటుంది. చూడకుండా వదిలేసేది కాదు.

బుధవారం, ఆటోనగర్

గాజువాక పక్కన ఆటోనగర్‌లో మాకు తెలిసిన పెద్ద మేస్త్రి ఉన్నారు. నాన్న కాలం నుంచి కింగ్ పిన్ పని అంటే ఆయనే. నా కాగితం చూపించాను. నెమ్మదిగా చదివి, "బాక్సు ముట్టుకోలేదు కదా బాబూ?" అని అడిగారు. లేదన్నాను. "అయితే సగం పని అయిపోయినట్టే. లింకులు మార్చు, బాక్సు పట్టు బిగించు, కింగ్ పిన్ నా దగ్గరికి తీసుకురా. తర్వాత కూడా లూజుంటే అప్పుడు బాక్సు మాట" అన్నారు.

డ్రాగ్ లింక్ రెండు చివరలూ, టై రాడ్ రెండు చివరలూ తీసుకున్నాం. టై రాడ్ కుడిది ఇంకా బాగుంది కదా అని అన్నయ్య అడిగాడు. కానీ దాని రబ్బరు కూడా ఎండి పగుళ్లు వచ్చింది. హార్బర్ నీటిలో అది ఎంతో కాలం ఆగదు, అప్పుడు మళ్లీ చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంట్ ఖర్చు. జతగా మార్చడమే మంచిది.

షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి ముందే గ్రీజు నింపి మూసేసినది, ఇంకోదానికి గ్రీజు ఎక్కించే చిన్న మూతి, నిపిల్, ఉంది. నేను నిపిల్ ఉన్నదే తీసుకున్నాను. మా బండి తడిలో తిరుగుతుంది. కొత్త గ్రీజు ఎక్కిస్తే పాత గ్రీజుతో పాటు లోపలికి చేరిన నీళ్లు కూడా బయటికి వచ్చేస్తాయి. మూసేసిన దానికి ఆ అవకాశం లేదు. కొనేటప్పుడు చేత్తో బాల్ స్టడ్‌ని తిప్పి చూడండి. కొత్తది బిగుతుగా, ఒకే రకంగా తిరగాలి. వదులుగా ఊగేది, ఒక్కచోట ఇరుక్కునేది వద్దు. రబ్బరు టోపీ అంచు రింగు సరిగా కూర్చుందో లేదో కూడా అక్కడే చూసుకోవాలి.

కింగ్ పిన్ కిట్ రెండు వైపులకీ తీసుకున్నాం. లోపల పిన్నులు, గన్ మెటల్ బుష్‌లు, కింద బరువు మోసే థ్రస్ట్ బేరింగ్, సందు నింపే పలుచటి రేకులు (షిమ్‌లు), లాక్ పిన్నులు ఉన్నాయి.

శనివారం, లింకుల పని

ఈ రోజు లోడు లేదు, పొద్దున్నే మొదలుపెట్టాం. నట్ల మీద ముందురోజు రాత్రే తుప్పు విడిపించే ఆయిలు కొట్టి ఉంచాను.

విప్పే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని వదిలేయకండి. టై రాడ్ ఒక చివర గ్రీజు నిపిల్ మధ్య నుంచి రెండో చివర నిపిల్ మధ్యకి టేపుతో కొలిచి రాసుకున్నాను. రెండు చివర్లా బయటికి కనబడే మరలు కూడా లెక్కపెట్టాను. ఒక వైపు కుడి మర, ఇంకో వైపు ఎడమ మర, అందుకే రాడ్డుని తిప్పితే పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది. కొత్తవి అదే కొలతకి బిగిస్తే బండి అలైన్‌మెంట్ షాపు దాకా క్షేమంగా వెళ్తుంది.

నట్టు ఊడకుండా దూర్చి వంచే స్ప్లిట్ పిన్నులు తుప్పుకి కలిసిపోయి ముక్కలుగా వచ్చాయి. నట్టు తీశాక జాయింటు ఊడలేదు. టేపర్‌లో, అంటే ఒక వైపు సన్నబడే రంధ్రంలో, ఇరుక్కుని ఉంటుంది, ఎంత లాగినా రాదు. చాలామంది స్టడ్ మర మీద కింది నుంచి సుత్తితో కొడతారు, మర పాడైపోతుంది, ఒక్కోసారి స్టీరింగ్ ఆర్మ్ కూడా దెబ్బతింటుంది. నట్టుని రెండు మరలు పట్టించి వదిలేసి, ఆర్మ్ కన్ను (స్టడ్ దూరే రంధ్రం ఉన్న చివర) పక్క మీద ఒక బరువు సుత్తి ఆనించి, ఎదురు పక్క నుంచి ఇంకో సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ కొట్టాలి. కన్ను క్షణం పాటు సాగి టేపర్ వదులుతుంది. నట్టు ఉంది కాబట్టి రాడ్డు ఊడి మన మీద పడదు. డ్రాప్ ఆర్మ్ వైపు జాయింటు మాత్రం మొండిగా ఉంది. దానికి పుల్లర్ బిగించి, టెన్షన్ ఎక్కించి, పక్క నుంచి కొట్టాక ఠంగుమని వదిలింది. డ్రాప్ ఆర్మ్ మీద సుత్తి దెబ్బలు ఎక్కువ పడనివ్వలేదు, ఆ దెబ్బ నేరుగా బాక్సు లోపలి బేరింగులకి వెళ్తుంది.

విప్పిన పాత జాయింటుని అన్నయ్య చేతిలో పెట్టాను. బాల్ కప్పులోంచి పైకి ఎంత లేస్తోందో చూసి ఏమీ మాట్లాడలేదు. దాన్ని అలాగే వాడుతూ ఉంటే ఒక రోజు బాల్ కప్పులోంచి పూర్తిగా ఊడి వచ్చేస్తుంది. అప్పుడు స్టీరింగ్ చేతిలో ఉంటుంది, చక్రం రోడ్డు మీద ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు.

కొత్తవి బిగించేటప్పుడు టేపర్ రంధ్రాలను పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచాను. అక్కడ గ్రీజు గాని, రంగు గాని ఉండకూడదు. టేపర్ పట్టు ఇనుముకీ ఇనుముకీ మధ్యే ఉండాలి. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరకపోతే నట్టుని ఇంకొంచెం ముందుకే తిప్పాలి. వెనక్కి వదులు చేసి కుదర్చడం తప్పు. ఈ చిన్న విషయంలో అలసత్వం చేసేవాళ్లని చాలామందిని చూశాను, ప్రాణం మీదకి వచ్చే పని అది. అన్నిటికీ కొత్త స్ప్లిట్ పిన్నులు వేసి రెండు కాళ్లూ వంచాను.

గ్రీజు గన్‌తో టోపీ కాస్త ఉబ్బే దాకా మాత్రమే ఎక్కించాం. మరీ నొక్కితే కొత్త రబ్బరు అంచు లేచిపోతుంది.

శనివారం, సాయంత్రం

బాక్సు పట్టు. బోల్టులు ఒక్కొక్కటీ బయటికి తీసి చూశాను. మిగతా వాటి తలల మీద 10.9 అని గుర్తు ఉంది. ఒకదాని మీద ఏ అంకే లేదు. ఎప్పుడో ఊడిపోతే ఎవరో దొరికిన మామూలు బోల్టు వేసేశారు. 10.9 అన్న అంకెలో మొదటి 10 అంటే ఆ బోల్టు ప్రతి చదరపు మిల్లీమీటరుకీ సుమారు 1000 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుందని. తర్వాతి 9 అంటే అందులో 90 శాతం దాకా సాగకుండా నిలబడుతుందని. మామూలు బోల్టు అందులో సగం కూడా కాదు. అది సాగి వదులయ్యింది. దాని వాటా బరువు పక్క బోల్టుల మీద పడి అవీ వదులయ్యాయి. మొత్తం బాక్సు ఊగడం అలా మొదలయ్యింది.

చాసీ పగిలిందేమో అన్న భయం ఉంది. బోల్టు రంధ్రాల చుట్టూ వైర్ బ్రష్‌తో రుద్ది, కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, చాక్‌పీస్ పొడి అద్దాను. పగులుంటే లోపలికి దిగిన కిరసనాయిలు బయటికి వచ్చి తెల్ల పొడి మీద సన్నటి తడి గీతలా కనబడుతుంది. పాత వర్క్‌షాపు పద్ధతి, ఖర్చు లేదు. గీత ఏదీ రాలేదు. అన్నయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. రంధ్రాలు కోలగా సాగలేదు, చాసీ లోపలి స్లీవ్‌లు నలగలేదు.

అన్నీ కొత్తవి, అదే సైజు, అదే పొడవు, 10.9 బోల్టులు, కొత్త లాక్ నట్లు. ముఖాలు శుభ్రం చేసి టార్క్ రెంచితో పుస్తకంలో ఉన్న లెక్కకి బిగించాం. పాత బోల్టులని మళ్లీ బిగించి సరిపెట్టుకునే చోటు ఇది కాదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ కొలిచాం. 75 ఇప్పుడు 26 మి.మీ.కి దిగింది. వదిన స్టీరింగ్ ఊపి, "ఇప్పుడు చేత్తో తిప్పగానే అక్కడ కదులుతుంది" అని కుడి చక్రం వైపు చూపించింది.

మంగళవారం, కింగ్ పిన్

మేస్త్రి దగ్గర బండి వదిలాం, నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. ఎడమ పిన్ తుప్పు పట్టి యాక్సిల్ కన్నులో కరుచుకుపోయింది. లాక్ పిన్ తీశాక, యాక్సిల్ కన్నుని చుట్టూ వేడి చేసి, పెద్ద సుత్తితో ఇత్తడి రాడ్డు మీదుగా కొట్టి కిందికి దింపారు. పిన్ మీద ఒక పక్క వేలుగోరు తట్టుకునేంత గాడి పడింది. కింది బుష్ దాదాపు లేనట్టే. గ్రీజు ఎప్పటి నుంచో అక్కడికి చేరడం లేదు. నిపిల్ రంధ్రంలో ఎండిన గ్రీజు గట్టిపడి రాయిలా అడ్డం పడింది.

కొత్త బుష్‌లు ప్రెస్ మీద ఎక్కించేటప్పుడు మేస్త్రి ఒక్కో బుష్ రంధ్రం స్టబ్ యాక్సిల్ గ్రీజు రంధ్రానికి ఎదురుగా ఉందో లేదో తీగ దూర్చి చూశారు. కుదరకపోతే పైనుంచి ఎంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు. తర్వాత రీమర్, రంధ్రాన్ని సన్నగా కోసి కొలతకి తెచ్చే పనిముట్టు. పై బుష్, కింది బుష్ ఒకే వరసలో ఉండాలి కాబట్టి రెండిటినీ దాటే పొడవాటి రీమర్‌తో కొంచెం కొంచెంగా కోసి, మధ్యమధ్యలో పిన్ దూర్చి చూస్తూ వెళ్లారు. చివరికి పిన్ తన బరువుతో జారకుండా, బొటనవేలితో నొక్కితే దిగేలా వచ్చింది. ఆ పని చూస్తుంటే ఎంతసేపైనా చూడాలనిపించింది. లేత్ ఉన్న ప్రతిచోటా ఈ ఓపిక ఉండదు.

కింద థ్రస్ట్ బేరింగ్ మూసిన వైపు పైకి ఉండేలా వేశారు, నీళ్లు దిగకుండా. పైన షిమ్ వేసి, సందు కొలిచే సన్న రేకులతో (ఫీలర్ గేజ్) పైకీ కిందికీ ఆట చూశారు. రెండు వైపులా అయిపోయాక స్టబ్ యాక్సిల్ చేత్తో తిప్పితే బరువుగా, ఒకే రకంగా తిరిగింది.

కుడి హబ్ బేరింగ్ తీసి కడిగి చూస్తే రోలర్లు మంచివే. కొత్త గ్రీజు, కొత్త సీలు. హబ్బు తిప్పుతూ నట్టు బిగించి, కొంచెం వెనక్కి వదిలి, లాకు వేశాం.

బుధవారం, బాక్సు

ఇప్పుడు బాక్సు వంతు. డ్రాగ్ లింక్ డ్రాప్ ఆర్మ్ నుంచి విప్పి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరకి నెమ్మదిగా తిప్పాను. మధ్యలో, చక్రాలు తిన్నగా ఉండే చోట, కొంచెం బిగుతు తెలిసింది. ఈ రకం బాక్సుని అలాగే చేస్తారు. తిన్నగా వెళ్లేటప్పుడు లూజు లేకుండా మధ్య పళ్లు దగ్గరగా, చివర్లలో వదులుగా. బండి ఎక్కువ సమయం తిన్నగానే వెళ్తుంది కాబట్టి మధ్య పళ్లే ముందు అరుగుతాయి. అరుగుదల చూసి స్క్రూ గట్టిగా బిగిస్తే మధ్యలో సరిపోతుంది, మలుపులో మాత్రం పళ్లు నొక్కుకుంటాయి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. నిండు లోడుతో గాజువాక ట్రాఫిక్‌లో అది ఇంకో ప్రమాదం.

మధ్యలో బిగుతు ఇంకా తెలుస్తోంది కాబట్టి పళ్లు మరీ అరగలేదు. డ్రాప్ ఆర్మ్ బిగించిన రాకర్ షాఫ్టుని పక్కలకి ఊపితే ఆట లేదు, సీలు కారడం లేదు. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూని ఎనిమిదో వంతు చుట్టు మాత్రం బిగించి, స్క్రూ కదలకుండా స్క్రూడ్రైవరుతో పట్టుకుని నట్టు బిగించాను. మళ్లీ చివర నుంచి చివరకి. ఎక్కడా పట్టడం లేదు. ఇంతకంటే ముట్టుకోను.

డ్రాగ్ లింక్ బిగించి కొలిస్తే 18 మి.మీ. అంటే 5 డిగ్రీల చిల్లర. పాత బండికి, పవర్ స్టీరింగ్ బాక్సుకి, ఇది చాలా బాగున్నట్టు.

గురువారం, అలైన్‌మెంట్, రోడ్డు

అలైన్‌మెంట్‌కి వెళ్లే ముందు ఇంట్లోనే టో చూశాను. టైరు మధ్యలో సుద్ద పూసి, చక్రం తిప్పుతూ మేకుతో సన్నటి గీత గీసి, హబ్ ఎత్తులో ముందూ వెనకా గీతల మధ్య దూరం కొలిచాం. వెనకకంటే ముందు కాస్త తక్కువ ఉంది, సరైన దిశలోనే. షాపులో లెక్క ప్రకారం సరిచేశారు, టై రాడ్ క్లాంపులు అక్కడే బిగించారు. స్టీరింగ్ చక్రం తిన్నగా ఉండటానికి డ్రాగ్ లింక్ పొడవు సరిదిద్దమని ముందే చెప్పాను. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి తిప్పి పెట్టడం వద్దన్నాను. అలా చేస్తే బాక్సు మధ్య భాగం తప్పిపోతుంది, ఇప్పటిదాకా చేసిన బాక్సు పని వృథా.

మొదట ఖాళీ బండితో కూర్మన్నపాలెం నుంచి లంకెలపాలెం దాకా వెళ్లాం. అన్నయ్య ఎడమ లేన్‌లో పట్టుకున్నాడు. స్టీల్ లోడు ట్రైలర్ మమ్మల్ని దాటింది. బండి కదల్లేదు. అన్నయ్య నా వైపు చూసి, "ఇప్పుడు దీనికి నేనేటి చెబితే అదే చేస్తన్నాది" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు గుంటలున్న సర్వీస్ రోడ్డు మీద నడిపించాను. ఎడమ చక్రం ఒరగడం లేదు. మలుపు తర్వాత స్టీరింగ్ మెల్లగా మధ్యకి వచ్చేస్తోంది.

ఆదివారం

లోడు తిరుగుళ్ల తర్వాత అన్ని నట్లూ మళ్లీ చూశాను. బాక్సు బోల్టుల్లో ఒకటి కొంచెం బిగుతు తీసుకుంది, మిగతావి అక్కడే ఉన్నాయి. ఎర్ర పొడి ఎక్కడా లేదు. కుడి హబ్ వేడెక్కడం లేదు. డ్రాగ్ లింక్ టోపీలు పొడిగా, గ్రీజుతో నిండుగా ఉన్నాయి. లూజు కొలత అదే 18 మి.మీ.

అన్నయ్య ఇప్పుడు లోడు దింపాక మంచినీళ్ల పైపుతో ముందు చక్రాల వెనక, యాక్సిల్, లింకులు కడుగుతున్నాడు. ప్రెషర్ వాషర్ నాజిల్ మాత్రం రబ్బరు టోపీకి దగ్గరగా పెట్టొద్దన్నాను, అది గ్రీజుని బయటికి తోసి నీటిని లోపలికి పంపుతుంది. కింగ్ పిన్‌లకీ, లింకులకీ గ్రీజు ఎప్పుడు కొట్టామో డ్యాష్‌బోర్డు లోపల కాగితం మీద వదిన రాసి పెడుతోంది.

ఎడమ ముందు టైరు రంపపు పళ్లు మాత్రం పోవు. దాన్ని వెనక్కి మార్చి, వెనకది ముందుకి తెచ్చాం. వెనక కమాన్ షాకిల్ బుష్‌లు తర్వాత చూడాలి, వాటి రబ్బరు కూడా ఉప్పు నీటికి గట్టిపడినట్టుంది.